ఒడ్డుకు అవతలి కుర్చీ

ఆమెను అందరూ నీళ్ళక్క అంటారు. నీళ్ళు మోస్తుందని కాదు, అమ్ముతుందనీ కాదు. నీళ్ళు వేస్తుంది. అంటే బొమ్మలో నీళ్ళు. పై సగంలో ఆకాశం వాళ్ళన్నయ్య వేస్తే, కింది సగంలో ఏరు ఈమె వేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి వేసింది ఒక్కటే బొమ్మ. నవ్వకండి. ఒక్కటే బొమ్మ, కొన్ని వందలసార్లు.

ఆ బొమ్మ మీరూ ఎక్కడో చూసే ఉంటారు. చూసినట్టు గుర్తుండదు, అంతే. వెనకటి రోజుల్లో ఎవరో ఇంప్రెషనిస్టు చిత్రకారుడు తెల్లవారుతుండగా ఏటి ఒడ్డుకు పోయి, మంచు విడిపోయేలోపు గబగబా వేసుకున్న బొమ్మ. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ రంగు మరకలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఏరు కదులుతుంది. నిటారుగా ఐదు పొడుగు చెట్లు, వాటి వెనక వెలుగొస్తున్న ఆకాశం, ముందు ఏరు, ఏట్లో అవే ఐదు చెట్ల నీడలు, పక్కన ఒక ఖాళీ పడవ. హోటలు గదుల్లో మంచం పైన, బ్యాంకు మేనేజరు వెనకాల, పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చునే చోట అదే ఉంటుంది. ఎవరి మనసూ నొప్పించని బొమ్మ కదా, ఎక్కడైనా ఇమిడిపోతుంది.

ఫ్రేముల దుకాణం వెనక ఒక పొడుగాటి గది. ఒకే కిటికీ. గది నిండా ఒక పెద్ద టేబులు. క్యాన్వాసును గోడకానించి వేయరు వీళ్ళు, టేబులు మీద పరిచి వేస్తారు. మంచు కోసం రంగును బాగా పల్చన చేస్తారు, నిలబెడితే కారిపోతుంది. పరిచి వేస్తే చెయ్యి సగం దాకానే అందుతుంది. అందుకని పై అంచు దగ్గర అన్నయ్య, కింది అంచు దగ్గర చెల్లెలు, ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఎవరి సగం వాళ్ళది. మధ్యలో మూడు వేళ్ళ వెడల్పున ఉండే ఒడ్డు మాత్రం ఎవరిదో ఇరవై ఆరేళ్ళయినా తేలలేదు.

"చెట్లు నావి. చెట్ల మొదళ్ళు ఎక్కడుంటాయి? ఒడ్డు మీద. కాబట్టి ఒడ్డు నాది" అనేవాడు అన్నయ్య.

"ఒడ్డు దేనికుంటుంది? ఏటికుంటుంది. ఆకాశానికి ఒడ్డుందని ఎక్కడన్నా విన్నావా?" అనేది చెల్లెలు.

పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళు ఒడ్డు వేసేసేవాళ్ళు. రెండోవాళ్ళు టీ వేళ దాకా మూతి ముడుచుకునేవాళ్ళు. అన్నయ్య వేసిన ఒడ్డు కాస్త పచ్చగా ఉంటుంది, ఈమె వేసింది కాస్త తడిగా ఉంటుంది. కొనేవాళ్ళెవరికీ ఆ తేడా తెలియదు. వాళ్ళిద్దరూ మాత్రం ఏ గోడ మీద కనబడ్డా, "అది నాది, అది నీది" అని చెప్పేయగలరు.

ఇంకో పని కూడా అన్నయ్యదే. బొమ్మ ఆరాక వెనకవైపు సుద్దముక్కతో బాణం గుర్తు వేయాలి, పై వైపు ఇటు అని. లేకపోతే తగిలించేవాళ్ళు తికమక పడతారు. పైనా చెట్లే, కిందా చెట్లే కదా. పై అంచు అన్నయ్య ముందుంటుంది కాబట్టి సుద్దముక్క అన్నయ్య జేబులో ఉండేది. ఒక్కసారే పొరపాటు జరిగింది. ఒక పళ్ళ డాక్టరు గదిలో వీళ్ళ బొమ్మ ఏడేళ్ళు తలకిందులుగా వేలాడింది. దుకాణం పెద్ద ఓనరు పన్ను పీకించుకోవడానికి వెళ్ళి చూసి, నొప్పి మర్చిపోయి, దవడ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనక బాణమే తప్పుగా ఉంది. "నోరు తెరుచుకుని వెనక్కి వాలినవాడికి పైకీ కిందికీ తేడా ఏం తెలుస్తుందండీ" అన్నాడు అన్నయ్య తాపీగా. నీళ్ళక్క పడీ పడీ నవ్వింది.

ఇంతకీ ఆమె ఈ పనిలోకి ఎలా వచ్చిందో చెప్పలేదు కదూ. పెళ్ళి చేసుకోలేదా అంటే, చేసుకుంది. మూడేళ్ళు చేసుకుంది, తర్వాత మానేసింది. ఎందుకని ఎవరడిగినా, "ఉప్పెక్కువైంది" అంటుంది తప్ప ఇంకో ముక్క బయటపెట్టదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒక సూట్‌కేసుతో అన్నయ్య గుమ్మంలో నిలబడింది. అప్పటికి అన్నయ్య ఆ బొమ్మ మొత్తం ఒక్కడే వేసేవాడు, గోడవైపుకోసారి, కిటికీవైపుకోసారి టేబులు చుట్టూ తిరుగుతూ. మర్నాడు చెల్లెల్ని వెంటబెట్టుకెళ్ళి పెద్ద ఓనరుతో, "ఒక్కడివల్ల కావట్లేదండీ, నీళ్ళకో మనిషి కావాలి" అన్నాడు. పచ్చి అబద్ధం. మొదటి ఏడాది ఆమె వేసిన ఏరు ఏరులా లేదు, బట్టలుతికిన నీళ్ళలా ఉండేది. ఆమె ఇంటికెళ్ళాక అన్నయ్య ఒక గంట ఆగి దాన్ని బాగు చేసేవాడు. ఆ సంగతి ఆమెకు వదిన చెప్పింది, అదీ పదేళ్ళ తర్వాత.

సరే, అసలు విషయానికొస్తే. నాలుగు నెలల కిందట ఒక ఉదయం అన్నయ్య చేతిలోంచి కుంచె జారి కిందపడింది. తీసుకుందామని వంగినవాడు లేవలేదు. కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడుస్తుంది. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. "కాలు దారిలో పడుతుంది, లేపి నడిపించండి, మంచంలో ఉంచితే మాత్రం మంచానికే అతుక్కుపోతాడు" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఎవరు నడిపిస్తారు? అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. "చెయ్యి... పోయాక... కాలెందుకు" అన్నాడు. అంతే, ఇక లేవడు. వదిన బతిమాలింది, అరిచింది, ఏడ్చింది. గోడ కదిలినా ఆ మనిషి కదల్లేదు.

రోజూ సాయంత్రం నీళ్ళక్క పని నుంచి రాగానే ఒకే ఒక ప్రశ్న వేసేవాడు, గోడవైపు నుంచే. "కుర్చీలో... ఎవరన్నా... కూర్చున్నారా?"

"లేదన్నయ్యా, ఖాళీగానే ఉంది."

ఊఁ అనేవాడు. ఆ ఒక్క మాట మీదే ఆ ప్రాణం నిలబడి ఉందని నీళ్ళక్కకు గట్టి నమ్మకం. అందుకే పొద్దున్నే దుకాణానికి వెళ్ళగానే చేసే మొదటి పని ఆ కుర్చీ తుడవడం. ఒక కాలు పొట్టిదైతే కింద మడిచిన రేకు ముక్క పెట్టిన పాత చెక్క కుర్చీ. తుడుస్తుంది, కూర్చోదు. ఎవర్నీ కూర్చోనివ్వదు. టీ ఇవ్వడానికొచ్చినవాడు ఒకసారి మోకాలు ఆనిస్తేనే ఒంటికాలి మీద లేచింది.

దుకాణం ఇప్పుడు చిన్న ఓనరు చూసుకుంటున్నాడు, పెద్దాయన కొడుకు. నీళ్ళక్క కళ్ళముందు పాకి, నడిచి, మీసాలు పెంచినవాడు. చెడ్డవాడు కాదు. కానీ నాలుగు నెలలు సగం బొమ్మలతో ఏ ఓనరు మాత్రం ఊరుకుంటాడు? ఆకాశం లేని ఏటి బొమ్మలు గోడకానించి వరసగా పేరుకుపోతున్నాయి. "పక్క వీధిలో గోడల పెయింటరు ఉన్నాడక్కా, ఆకాశం బాగానే వేస్తాడట" అని నెలకోసారి కదిలించేవాడు. "అన్నయ్య వస్తాడు" అని నెలకోసారి నోరు మూయించేది.

అలాంటి రోజుల్లో ఆ ఆర్డరు వచ్చింది. కొత్తగా కట్టిన హోటలు ముందు హాల్లోకి, పదడుగుల బొమ్మ. మాట్లాడ్డానికి డిజైనరు అమ్మాయి స్వయంగా వచ్చింది, చేతిలో ఫోను, ముక్కు మీద కళ్ళజోడు.

"ఆంటీ, నాకు ఈ బొమ్మే కావాలి. కానీ ఈ బొమ్మలా ఉండకూడదు."

ఆంటీ అనగానే నీళ్ళక్కకు సగం కోపం వచ్చింది. మిగతా సగం ఆ రెండో మాటకు వచ్చింది. "అదేంటమ్మా? ఇదే కావాలి, ఇదిలా వద్దు అంటే ఎలా?"

"సర్రియల్‌గా వేయాలి."

"అంటే?"

"కలలో కనబడ్డట్టు. అన్నీ ఉంటాయి. ఉండాల్సిన చోట మాత్రం ఉండవు."

"మా వదిన వంటగదిలాగన్నమాట."

డిజైనరు అమ్మాయి నవ్వి, ఫోనులో ఏవో చూపించింది. మెట్లెక్కుతున్న చేప, కిటికీలోంచి ఇంట్లోకి తొంగిచూస్తున్న కొండ. "వింత కోసం వింత వద్దు ఆంటీ. చూసినవాళ్ళకి ఇది నేనెక్కడో చూశానే అనిపించాలి, అంతలోనే కాలికింద నేల కాస్త కదలాలి. పదిహేను రోజుల్లో ఇవ్వగలరా?"

చిన్న ఓనరు ఆమె వెళ్ళేదాకా తలూపుతూనే ఉన్నాడు. వెళ్ళాక నీళ్ళక్క వైపు తిరిగాడు. "అక్కా, ఇక కుదరదు. సోమవారం పెయింటర్ని రమ్మంటున్నాను. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి."

"సోమవారం దాకా ఆగు బాబూ. నేనే ఏదో ఒకటి చేస్తా."

ఏం చేస్తుంది? ఆమెకు ఆకాశం రాదు. చిన్న క్యాన్వాసు ముక్క ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ళు ఏరు వేసిన చెయ్యి, నీలం ముట్టుకోగానే అలలు వేసేస్తుంది. మబ్బు వేద్దామంటే నురగ వస్తుంది. చెట్టు వేద్దామంటే నీడలా వంకర్లు పోతుంది. "బాగుందక్కా, ఈత కొట్టొచ్చు" అన్నాడు చిన్న ఓనరు. పోనీ సర్రియల్ సంగతి చూద్దామని చెట్టు మీద చేపను కూర్చోబెట్టింది, ఏటి మధ్యలో ఒక తలుపు వేసింది. అది కల కాలేదు, చిన్నపిల్లల పుస్తకం అట్ట అయింది. తల ప్రాణం తోకకొచ్చింది. పెద్ద క్యాన్వాసులో తన సగం, అలవాటైన ఏరు, రెండు రోజుల్లో పూర్తిచేసింది. అవతలి సగం తెల్లగా అలాగే ఉంది.

సోమవారం పొద్దున దుకాణం తెరిచే వేళకే వెళ్ళింది. పెయింటరు పదింటికి వస్తాడు. కుర్చీ తుడిచింది. తుడిచిన గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఈరోజు సాయంత్రం అన్నయ్య అడుగుతాడు. ఎవరో కూర్చున్నారని చెప్తే ఆ మనిషి ఇక గోడవైపు నుంచి ఇటు తిరగడు. కూర్చోలేదని చెప్తే, పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యతో ఆడిన మొదటి అబద్ధం అవుతుంది. ఎవరో ఎందుకు కూర్చోవాలి, కూర్చుంటే నేనే కూర్చుంటాను అనుకుంది. ఎవరి ఇంట్లోకో అడగకుండా వచ్చినట్టు అంచు మీద కూర్చుంది. అవును, ఇరవై ఆరేళ్ళలో ఆమె ఆ వైపు కూర్చోవడం అదే మొదటిసారి. "నా వైపు రాకు, రంగులు కలిపేస్తావ్" అని మొదట్లోనే కసిరాడు అన్నయ్య. ఈ నాలుగు నెలలూ కుర్చీ తుడవడానికి తప్ప ఆమె మళ్ళీ అటు వెళ్ళలేదు, తుడుస్తూ తల ఎత్తనూ లేదు.

తలెత్తింది. ముందు, ఏదో తప్పు జరిగిందనుకుంది.

ఆమె ఏరు పైన ఉంది. ఆమె వేసిన నీడలు, ఐదూ, నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి వెనకాల ఆమె నీళ్ళు, మంచు పట్టి, వెలుగు పట్టి, ఆకాశమైపోయి ఉన్నాయి. ఆ ఆకాశంలో ఖాళీ పడవ బోర్లా తేలుతోంది.

అవతలి వైపు నుంచి చూస్తే తలకిందులుగా కనబడుతుందని ఆమెకు తెలియక కాదు. చిన్నపిల్లనడిగినా చెప్తుంది. తెలుసు, ఎప్పుడూ ఆలోచించలేదు. అన్నయ్య రోజూ చూసింది ఇదా? తన చెట్లు తన వైపుకి తలకిందులుగా వేలాడుతుంటే, మబ్బులు కింద పరుచుకుంటే, ఇరవై ఆరేళ్ళు అలా చూస్తూనే ఆకాశం వేశాడా? సరైన వైపు చెల్లెలికిచ్చి, తలకిందుల వైపు తను ఉంచుకున్నాడా? ఒక్కసారన్నా నోరెత్తి చెప్పలేదే!

"ఓరి నీ..." అంది పైకే, ఖాళీ గదిలో. కళ్ళు తుడుచుకుందామని చూస్తే చేతిలో ఉన్నది కుర్చీ తుడిచిన గుడ్డ. దానితోనే తుడుచుకుంది.

ఏడుపు ఆగాక మళ్ళీ చూసింది. ఈసారి చెల్లెలిగా కాదు, పనివాళ్ళ కళ్ళతో చూసింది. అన్నీ ఉన్నాయి. ఉండాల్సిన చోట లేవు. ఆ కళ్ళజోడు పిల్ల అడిగిన కల ఇదే కదా. ఇక మిగిలిందల్లా తన ముందున్న తెల్లటి సగం. పైన అంత ఆకాశం ఉన్నప్పుడు కింద ఏముంటుంది? నీళ్ళుంటాయి. నీళ్ళు ఆమెకొచ్చు!

పదింటికి గోడల పెయింటరు వచ్చేసరికి ఆమె మోచేతుల దాకా రంగులో ఉంది. "మనిషి దొరికాడు నాయనా, నువ్వెళ్ళు" అంది తలెత్తకుండా. చిన్న ఓనరు క్యాన్వాసు వైపు చూసి, పెయింటరుకు టీ ఇప్పించి పంపేశాడు.

పది రోజులు వేసింది. ఆకాశం వేయాల్సిన చోట ఏరు వేసింది, అదే చేత్తో, అవే అలలతో. పైనున్న ఐదు చెట్లకు కింద నీడలు వేసింది. ఆకాశంలో బోర్లాపడ్డ పడవకు కూడా నీడ వేసింది. తమాషా ఏమిటంటే, ఆ నీడ మాత్రం నీళ్ళ మీద చక్కగా, తిన్నగా తేలుతుంది. అసలు పడవ బోర్లా ఉంది, నీడ సరిగ్గా ఉంది. అన్నయ్య కుర్చీలోంచి చూస్తే అలా. లేచి వెళ్ళి తన కుర్చీలోంచి చూస్తే, తన పాత ఏరు కింద ఎప్పట్లాగే పారుతోంది, పైన ఆకాశం ఉండాల్సిన చోట ఇంకో ఏరు పారుతోంది. రెండువైపులా తిరిగి తిరిగి చూసింది. ఎటు నుంచి చూసినా పాత బొమ్మే. ఎటు నుంచి చూసినా నేల కాస్త కదులుతోంది.

ఒక్కటి మాత్రం వదిలేసింది. మధ్యలో ఒడ్డు. పదడుగుల పొడుగునా మూడు వేళ్ళ తెల్ల గుడ్డ.

"ఇదేంటక్కా, ఎల్లుండి బండి వస్తుంటే!" చిన్న ఓనరు గొంతు పైకి లేచింది.

"అది నాది కాదు" అంది నీళ్ళక్క.

ఈ పది రోజులూ సాయంత్రం ఇంటికెళ్తే అన్నయ్య అడిగేవాడు. "పరాయివాళ్ళెవరూ కూర్చోలేదన్నయ్యా" అని తెలివిగా దాటేసేది. ఆ సాయంత్రం అడిగేదాకా ఆగలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. వదిన గుమ్మంలో బట్టలు మడతపెడుతోంది.

"నీ కుర్చీలో కూర్చున్నాను."

వదిన చేతిలో మడత ఆగిపోయింది. అన్నయ్య వీపు కదల్లేదు. చాలాసేపటికి, మెల్లగా, మొహం ఇటు తిరిగింది. "ఎ... ఎవరు?"

"నేనే. పది రోజులైంది. అక్కడ కూర్చుంటే అంతా తలకిందులుగా కనబడుతోంది. నా ఏరు నీకు ఆకాశంలా కనబడేదా?"

అన్నయ్య కళ్ళు మాత్రం నవ్వాయి. "ఇప్పుడా... తెలిసింది?"

"ఎందుకు చెప్పలేదు నాకు? ఆ తలకిందుల వైపు నాకు పారేసి, సరైన వైపు నువ్వు కూర్చోవచ్చుగా! నీదేగా బొమ్మంతా. నేనేగా మధ్యలో వచ్చినదాన్ని."

అన్నయ్య మాటలు వెతుక్కున్నాడు. ఒక్కొక్కటే దొరికింది. "అప్పుడు నీకు... అన్నీ... తలకిందులుగానే... ఉన్నాయి కదే. బొమ్మన్నా... సరిగ్గా... కనబడాలని."

వదిన మడత పెట్టిన బట్టను విప్పి మళ్ళీ మడత పెట్టింది. నీళ్ళక్క అన్నయ్య పడిపోయిన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, గోటి పగుల్లో ఇంకా పోని నీలం మరకను వేలితో రుద్దింది. పోలేదు.

ఏడుస్తూ కూర్చుంటే ఈ మనిషి మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. ఆ సంగతి ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? ముక్కు చీది, గొంతు సవరించుకుని లేచింది.

"సరే, ఆ సంగతి పక్కనబెట్టు. బొమ్మ అయిపోయింది. ఒడ్డొక్కటే మిగిలింది. రేపు పొద్దున అదీ వేసేస్తాను. రెండువైపులా ఏరే అయ్యాక ఒడ్డు ఇంక నాదే. ఇరవై ఆరేళ్ళ గొడవ తీరిపోయింది."

"నాది" అన్నాడు అన్నయ్య. ఒక్క నత్తి లేదు. నాలుగు నెలల్లో అంత స్పష్టమైన మాట ఆ ఇంట్లో వినబడలేదు.

"ఎలా నీదవుతుంది? చెట్లా, నువ్వు వేయలేదు. ఆకాశమా, అసలు లేనేలేదు."

"ఒడ్డు... నాదే!"

"నీదైతే వచ్చి వేసుకో. పదింటి దాకా చూస్తా. పది దాటిందా, నాది." అని చెప్పి విసవిసా బయటికి నడిచింది. మెట్ల మీదికి వెళ్ళి, గోడకానుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. లోపల మంచం కిర్రుమంది. తర్వాత అన్నయ్య గొంతు, వదిన మీద విసుక్కుంటూ వినబడింది. "రేపటికి... చొక్కా... తీసి పెట్టు."

మర్నాడు తొమ్మిదిన్నరకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఒకవైపు వదిన భుజం, ఇంకోవైపు చేతికర్ర. దుకాణం గుమ్మం నుంచి వెనక గదికి ఇరవై అడుగులుంటే, ఆ ఇరవై అడుగులకూ పావుగంట పట్టింది. చిన్న ఓనరు సాయం పట్టబోతే కళ్ళతోనే ఆపాడు. కుర్చీ దగ్గరికొచ్చి ఆగి, దాని మీదున్న చిన్న దిండును చేతికర్రతో పొడిచాడు. "ఇది... ఎవరిది?"

"నాది. నీ కుర్చీ మేకులు గుచ్చుకుంటున్నాయి" అంది నీళ్ళక్క, తన కుర్చీలోంచే. దిండు తీసేయమన్నట్టు చూశాడు. ఎవరూ తీయకపోతే దాని మీదే కూర్చున్నాడు.

బొమ్మ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఎదురుగా కూర్చున్న నీళ్ళక్కకు ఒకటే బెంగ. ఆర్డరు గురించి కాదు, డిజైనరు అమ్మాయి గురించీ కాదు. ఆ మొహం మళ్ళీ గోడవైపు తిరిగితే ఇంకోసారి తిప్పడం తనవల్ల కాదని ఆమెకు తెలుసు.

"చెట్లు..." అన్నాడు చివరికి, "వంకర."

"నీళ్ళలో చెట్లు వంకరగానే ఉంటాయి. కుంచె తీసుకో, పదవుతోంది."

ఎడమచేత్తో తీసుకున్నాడు. మొదటి గీత పెట్టడానికి మూడుసార్లు చెయ్యి ముందుకీ వెనక్కీ వెళ్ళింది. పెట్టాక మాత్రం ఆగలేదు. మూడు వేళ్ళ ఒడ్డు ఒకచోట నాలుగు వేళ్ళయింది, ఒకచోట ఒక వేలికి సన్నబడింది. ఒకచోట జారి నీళ్ళక్క ఏట్లోకి దిగిపోయింది. వేరే రోజైతే యుద్ధం జరిగేది. ఆమె పళ్ళు బిగించి కూర్చుంది. గీసినట్టు చక్కటి ఒడ్డు కాదు అది, మనిషి కాలు మోపి నడిచిన ఒడ్డులా ఉంది. పల్చటి పచ్చ, అన్నయ్య పచ్చ.

ఐదడుగులకు చెయ్యి అలిసిపోయింది. కుంచె టేబులు మీద ఆనించి, రొప్పుతూ, దాన్ని అవతలికి తోశాడు. "మిగతాది... నువ్వు."

"ఒడ్డు నీదన్నావుగా."

"సగం... నాది."

ఇరవై ఆరేళ్ళ గొడవకు అదే తీర్పు. ఆమె మిగతా సగం వేసింది. ఆమె సగం కాస్త తడిగా వచ్చింది.

పల్చటి రంగు కదా, సాయంత్రానికి అంటుకోనంత ఆరింది. డిజైనరు అమ్మాయి వచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత మెడ ఒకవైపు వంచి చూసింది, ఇంకోవైపు వంచి చూసింది. "ఆంటీ, ఇందులో పైవైపు ఏది?"

ఇద్దరు మనుషులు బొమ్మను లేపి పట్టుకున్నారు. నీళ్ళక్క సుద్దముక్క తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది. అది ఎప్పుడూ ఆయన పనే. అన్నయ్య చేతికర్ర మీద ఒరిగి, వెనకవైపుకు వెళ్ళి, ఎడమచేత్తో బాణం వేశాడు. వేసి, మొన దగ్గర ఇంకోసారి దిద్దాడు.

చూసి నీళ్ళక్క గబుక్కున ముందుకొచ్చింది. బాణం ఆమె ఏటివైపు చూస్తోంది. "అన్నయ్యా, తప్పేశావు. పైవైపు అటు కాదు, నీ వైపు."

"తప్పు... కాదు. పైన... అదే."

"అది నా సగం. ఎప్పుడూ కిందే ఉంటుంది."

"నాకు... ఎప్పుడూ... అదే పైన" అన్నాడు అన్నయ్య.

నీళ్ళక్క బాణం మొన మీద వేలు పెట్టింది. ఉన్నట్టుండి ఆమెకు పళ్ళ డాక్టరు గది గుర్తొచ్చింది. ఏడేళ్ళు తలకిందులుగా వేలాడిన బొమ్మ, తాపీగా జవాబిచ్చిన అన్నయ్య. "అయితే ఆ పళ్ళ డాక్టరుది కూడా... కావాలనే వేశావా?"

అన్నయ్య ఆ ప్రశ్న విననట్టు దుకాణం కప్పు వైపు చూశాడు. మూతి ఒకవైపే నవ్వింది. తర్వాత సుద్దముక్కను చొక్కా జేబులో వేసుకుని, ఎడమచేత్తో జేబు మీద తట్టి, "రేపు... ఆ దిండు... తీసెయ్" అన్నాడు.